గుమ్మడికాయలు చూసి ఇళ్ళు లెక్కపెట్టాను

కొత్త ఇళ్ళు లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా అమ్మ చాలా ఏళ్ళు అడిగింది. నేనూ చాలా ఏళ్ళు జవాబు చెప్పాను. చివరికి ఇద్దరికీ ఓపిక అయిపోయింది. ఇప్పుడు స్వచ్ఛంద విరమణ తీసుకుని బళ్ళారిలో మా మిద్దె మీద కూర్చున్నాను. పొద్దున తుడిచిన కుర్చీ మీద సాయంత్రానికి గనుల ఎర్రదుమ్ము పేరుకుంటుంది. మళ్ళీ తుడుస్తాను. ఈ పనికీ నా పాత పనికీ పెద్ద తేడా లేదు.

మా కంపెనీ బెంగళూరులో ఉండేది. పెద్ద నగరాల్లో ఏడాదిలో ఎన్ని కొత్త ఇళ్ళు మొదలయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఏ నగరం ముందుంది, ఏది వెనకబడింది అని పోల్చి ఒక నివేదిక వేసేవాళ్ళం. బ్యాంకులవాళ్ళు కొనేవారు, బిల్డర్లు కొనేవారు, పత్రికలవాళ్ళు ఊరికే వాడుకునేవారు. నివేదిక రాసే పని నాది కాదు. దాని అడుగున ఉండే అంకెను ఊరూరా తిరిగి తెచ్చే పని నాది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు ఫోన్ చేసి ఏం చదవాలి మేడమ్ అని అడుగుతారు. ఏం చదివినా ఫరవాలేదు, మంచి చెప్పులు కొనుక్కోండి అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. చెప్పవలసిన మిగతా సంగతి ఫోనులో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ ఫైలు ఎవరు తొక్కిపెట్టారు అన్నవి రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు.

ఇల్లంటే ఏది

నగరాలను పోల్చాలంటే ముందు ఇల్లనేది అన్ని చోట్లా ఒకటే అయి ఉండాలి. అది కాదని మొదటి ఏడాదే తెలిసింది. తెలిసినా పోల్చడం మానలేదు, జీతం అందుకే ఇచ్చేవారు.

ముంబైలో నాలుగంతస్తుల పాత భవనాన్ని కూల్చి దాని మీద ఇరవై అంతస్తులు లేపుతారు. లేచినవన్నీ మా లెక్కలోకి వచ్చేవి, కూలినవి ఎవరి లెక్కలోకీ వచ్చేవి కావు. చెన్నైలో కొత్త అపార్ట్‌మెంటు పక్కన ఏ పూలమ్మే ఆవిడనైనా అడగండి, వానలకు నీళ్ళు ఎందాకా వచ్చాయో మోకాలి మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. మా ఫారంలో మోకాలికి గడి లేదు. పుణెలో నమూనా ఫ్లాటు ఒక్కటే పూర్తిచేసి, బల్ల మీద ప్లాస్టిక్ పళ్ళు పెట్టి, మిగతా అంతస్తులన్నీ ఇలాగే ఉంటాయని చూపించేవారు. బెంగళూరులో ఇంకో వింత. అధికారుల అనుమతి పత్రం రాలేదు కాబట్టి కాగితం మీద ఆ ఇంట్లో మనుషులు లేనట్టే. బాల్కనీలో మాత్రం నాలుగేళ్ళుగా బట్టలు ఆరుతుంటాయి, కింద నీళ్ళ ట్యాంకరు నిలబడి ఉంటుంది.

హైదరాబాదుకు అంతస్తుల పిచ్చి. నేను పోయిన ప్రతిసారీ ఆకాశం కొంచెం తగ్గినట్టు కనిపించేది. అక్కడి క్రేన్ల వేగం చూసి మా బెంగళూరు ఆఫీసులో కుళ్ళుకునేవారు, వాటిలో తమ సొంత ఫ్లాటు ఏదో ఉన్నట్టు.

వీటన్నిటినీ ఒక పట్టికలో పక్కపక్కన పెట్టి ఒకటి, రెండు, మూడు అని వేసేవాళ్ళం. ఏ ఊరు నిజంగా మెరుగని నన్నడిగితే ఇప్పటికీ తెలియదు. తెలుసునని చెప్పేవాళ్ళను నమ్మకండి, వాళ్ళ దగ్గర అమ్మడానికి ఏదో ఒకటి ఉంటుంది.

హొన్నూరప్ప మాట

బెంగళూరుకు పోకముందు నేను పని నేర్చుకున్నది బళ్ళారిలోనే. ఊరి చుట్టూ కొత్త లేఅవుట్లలో ఎన్ని ఇళ్ళు పూర్తయ్యాయో చూసి రమ్మని ఒక ఇంజనీరు పంపాడు. ప్రతి తలుపూ కొట్టి, కుక్కల చేత తరిమించుకుని, మూడు రోజుల్లో ఒక వీధి ముగించాను. అక్కడ కుడతిని కరెంటు ప్లాంటు బూడిదతో చేసిన ఇటుకలతో గోడ కడుతున్న మేస్త్రీ హొన్నూరప్ప ఆ మూడు రోజులూ నన్ను చూశాడు. ఆయనది బండ్రి అనే పల్లె. తాపీ కింద పెట్టకుండానే మాట్లాడే రకం.

"ఏంటికమ్మా ఊరికే తలుపులు కొడతాండావు?" అన్నాడు. "తల పైకెత్తి చూడు. బొమ్మ ఉంటే కడతాండారు. కాయ ఉంటే కాపురం ఉండారు. ఇంతే గదా."

బొమ్మ అంటే దిష్టిబొమ్మ. పాత ప్యాంటులో గడ్డి కుక్కి, కుండకు కళ్ళూ మీసాలూ గీసి, కడుతున్న ఇంటికి వేలాడదీస్తారు. కాయ అంటే బూడిద గుమ్మడికాయ. గృహప్రవేశం రోజు బొమ్మను దింపేసి, పసుపు కుంకుమ పూసిన కాయను గుమ్మం పైన కడతారు. మా వైపు ఇది తెలియనివాళ్ళు లేరు. కాకపోతే లెక్కకు పనికొస్తుందని నాకు తోచలేదు.

ఆ రోజు సాయంత్రంలోగా నాలుగు వీధులు ముగించాను.

ఆ కిటుకును మూటగట్టుకుని బెంగళూరు పోయాను. అక్కడా పనిచేసింది, హైదరాబాదులోనూ పనిచేసింది. ముంబై, పుణెల్లో పనికిరాలేదు, అక్కడ చచ్చినట్టు మెట్లెక్కాను. ఒక్క రోజులో పది సైట్లు ఎలా ముగిస్తానో ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మా పైఅధికారి భట్ సార్ కొత్తవాళ్ళతో, ఈయమ్మను చూసి నేర్చుకోండి అనేవారు. వాళ్ళు చూసేవారు. నేను తలెత్తుకుని తిరిగేదాన్ని. అక్షరాలా తల ఎత్తుకునే, కాయల కోసం.

శారద టవరు

శారద, నేను బళ్ళారి కాలేజీలో ఒకే బెంచీ. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది, చేతికర్ర లేకుండా నడవలేదు. నోటికి మాత్రం ఏ కర్రా అక్కర్లేదు. హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరి, పెళ్ళి మాటెత్తిన వాళ్ళందరినీ తిట్టి పంపి, ఒంటరిగా బతికింది. అన్నేళ్ళూ అద్దె ఇళ్ళే. మెట్లు ఎక్కలేదు కాబట్టి ఎప్పుడూ కింది వాటానే, పైవాళ్ళ స్నానాల నీళ్ళు గోడల్లోంచి కారే వాటానే. చివరికి ఊరి పడమటి అంచున ఒక టవరులో ఆరో అంతస్తు ఫ్లాటు తీసుకుంది. ఆరోది ఎందుకే అంటే, "లిఫ్టు ఉంటాది గదా. ఒకసారన్నా పైనుంచి కిందికి చూడల్ల" అంది.

ఆ ఏడాది సర్వేలో ఆ టవరు నా జాబితాలోకి వచ్చింది. ఆ రోజుకు అది పదో సైటు. ఎండ మాడుస్తోంది. టవరు వరండాలన్నీ లోపలి ఖాళీ స్థలం వైపు తెరిచి ఉన్నాయి. కింద నిలబడి మెడ ఎత్తితే ప్రతి తలుపూ కనిపిస్తుంది. ప్రతి తలుపు మీదా కాయ ఉంది, పసుపూ కుంకుమా తాజాగా ఉన్నాయి. బొమ్మ ఎక్కడా లేదు. సైటు ఇంజనీరు నిమ్మరసం ఇప్పించాడు. తాగి, టవరు మొత్తానికి 'పూర్తి' అని రాసి సంతకం పెట్టాను. లిఫ్టు ఉందా అని అడగలేదు. మెట్లు ఎక్కలేదు.

వారం తరువాత శారద ఫోన్ చేసింది.

"ఏమే లెక్కల దానా, మా టవరు చూసినావంట గదా. పూర్తయిందా?"

"అయింది. నీ తలుపుకు గూడా కాయ కట్టుండారు."

"అయితే ఈ అద్దె ఇంటోళ్ళకు చెప్పేస్తా మరి."

"చెప్పెయ్. కాయ కట్టినాక ఇంకేంది."

చెప్పేసింది. ఇల్లు ఖాళీ చేసింది. ఆమె చేరిన రోజు నలుగురు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి ఆరు అంతస్తులు మోశారు. లిఫ్టు వారంలో వస్తుందమ్మా అన్నారట. "ఉత్సవ విగ్రహం మాదిరి పోయినానే" అని ఫోనులో నవ్వింది.

వారంలో రాలేదు, నెలలోనూ రాలేదు. లిఫ్టు కోసం వదిలిన సొరంగానికి అంతస్తంతస్తునా అడ్డంగా చెక్కలు కొట్టి ఉన్నాయి. అసలు సంగతి మెల్లగా తెలిసింది. మూఢం వస్తోందని, ఇక కొన్ని నెలలు ముహూర్తాలు లేవని, బిల్డరే ఒక పురోహితుణ్ణి పెట్టి టవరంతటికీ ఒకే రోజు పాలు పొంగించేశాడు. కాయలు కూడా వాడే తెప్పించి కట్టించాడు. మూఢంలో ఇల్లు చేరకూడదు. లిఫ్టు లేకుండా చేరవచ్చు.

శారద మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క మెట్టే జరుగుతూ దిగేది. పొద్దున దిగడానికి అరగంట, సాయంత్రం ఎక్కడానికి గంట పైన. కాలేజీకి ఆలస్యం. తరువాత సెలవులు. ఫ్లాట్లవాళ్ళంతా కలిసి బిల్డరు మీద ఫిర్యాదు పెడితే వాడు మా నివేదికలో ఒక పేజీ తీసి చూపించాడు. టవరు పూర్తయినట్టు స్వతంత్ర సంస్థ చెప్పింది, ఇక మీదంతా చిల్లర పని, నిదానంగా అవుతుంది అన్నాడు.

శారద ఈసారి నవ్వలేదు. "నీ చీటీ చూపిస్తాండారే. ఆ పూర్తి అనే మాట ఉన్నంతకాలం నాకు లిఫ్టు రాదంట. అది కొట్టెయ్. నేను అడిగేది అదొక్కటే. సెలవులు అయిపోవస్తాండాయి, ఇంకా పోకపోతే నా కుర్చీలో వేరేవాళ్ళను కూర్చోబెడతారు."

నేను ఊరకున్న నాలుగు నెలలు

భట్ సార్ చెడ్డ మనిషి కాదు. సైట్లలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదని మొదట గొడవపడింది ఆయనే. ఆయన దగ్గరికి పోయి, ఆ టవరు నేను ఎక్కి చూడలేదు సార్, తప్పు రాశాను అన్నాను.

"ఇన్ను ఎష్టు కడె హత్తిల్ల?" అన్నారు. ఇంకా ఎన్ని చోట్ల ఎక్కలేదు అని.

ఆ ఏడాది పూర్తయిన ఇళ్ళలో హైదరాబాదు బెంగళూరును దాటిందని నివేదికలో వేశాం. పత్రికలన్నీ రాశాయి. ఒక్క టవరు సరిచేస్తే మిగతావాటి సంగతేమిటని అడుగుతారు.

"బిట్బిడమ్మా" అన్నారు చివరికి, వదిలెయ్ అని. "ముందిన వర్ష సరి మాడోణ. ఈగ హేళిదరె నిమ్మ హెసరే హోగుత్తె."

వచ్చే ఏడాది సరిచేద్దాం, ఇప్పుడు చెప్తే పోయేది నీ పేరే అన్నారు. ఆటోవాళ్ళతో, పురోహితులతో, కరెంటాఫీసు వాళ్ళతో ఒక్క మాటకు పది మాటలనే నేను సరే సార్ అని బయటికి వచ్చాను. పైవాళ్ళ ఒత్తిడి అని రాసుకుంటే సులువుగా ఉంటుంది. ఒత్తిడేమీ లేదు. ఆయన వద్దన్నారు, నాకు కావలసింది అదే. నాలుగు నెలలు ఊరకున్నాను.

మూడో నెలలో వేరే పని మీద హైదరాబాదు పోయి, చూడకుండా తిరిగిపోవడానికి మనసు ఒప్పక ఆ టవరు ముందు ఆటో దిగాను. రోడ్డు మీదికే కనిపించింది. ఆరో అంతస్తు బాల్కనీకి ఒక దిష్టిబొమ్మ వేలాడుతోంది. ఆకుపచ్చ చుడిదార్, కుండ తల. ఆ తలకు నల్లటి లావు కళ్ళద్దాలు గీసి ఉన్నాయి, నావిలాంటివి. చేతికి నేను ఫారాలు పెట్టి రాసుకునేలాంటి అట్ట కట్టి ఉంది.

కింద నుంచే ఫోన్ చేశాను.

"చూసినావా?" అంది.

"చూసినా. ఎవరే అది?"

"అద్దంలో చూసుకో. కాయ కుళ్ళి రాలిపోయిందే, లిఫ్టే ఇంకా రాలేదు. పూర్తి కాని ఇంటికి బొమ్మ ఉండల్ల గదా, కట్టినా. మన బళ్ళారి లెక్కే ఇది." కొంచెం ఆగి, "పైకి రా, కాఫీ ఇస్తా" అంది.

"మోకాళ్ళు నొప్పే. రైలుకు టైమయింది."



"నీకు మోకాళ్ళు, నాకు కాలు. మంచి జతే మనది. పో, రైలు పోతాది."

నా రైలు సాయంత్రం. అప్పుడు పగలు పదకొండు. ఇది నేను రాస్తే తప్ప ఎవరికీ తెలిసేది కాదు, అందుకే రాస్తున్నాను. ఆ నెలాఖరుకు ఆమె కుర్చీలో వేరే మనిషి కూర్చుంది.

కాయల సైజు

ఆ వార్త విన్నాక సెలవు పెట్టి బళ్ళారికి వచ్చాను. హొన్నూరప్ప ముసలివాడైనా పని మానలేదు, సంగనకల్లు దారిలో ఎవరిదో ప్రహరీ కడుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. నిజం చెప్పాలంటే, తప్పు నీ సూత్రానిది అని ఆయనతో తగువు పెట్టుకుందామనే పోయాను.

"కాయలు ఎట్లుండె?" అన్నాడు.

"ఎట్లంటే?"

"అన్నీ ఒకటే సైజా?"

అప్పుడు కళ్ళముందు కనబడింది. ఒకటే సైజు. ఒకటే నీలం నైలాన్ తాడు, ఒకటే ముడి, కింద అంతస్తు నుంచి పై అంతస్తు దాకా.

"ఈడ ఎవురి కాయ వాళ్ళు కట్టుకుంటారమ్మా. ఒగరిది పెద్దది, ఒగరిది చిన్నది, ఒగరు ఉట్టిలో కడతారు, ఒగరు పాత గుడ్డలో కడతారు. అన్నీ ఒకటే మాదిరి ఉంటే అది కాపురం గాదు, కాంట్రాక్టు." ఇటుక మీద తాపీతో రెండు దెబ్బలు వేసి సరిచేశాడు. "నేను చెప్పింది ఈ ఊరికి. ఆ ఊరు నువ్వు చూసుకోవల్ల గదా."



బెంగళూరు పోయి ఉత్తరం రాశాను. ఆ టవరును నేను ఎక్కి చూడలేదు, కింద నిలబడి తలుపుల మీది గుమ్మడికాయలు లెక్కపెట్టి పూర్తి అని రాశాను, అది తప్పు. మూడే వాక్యాలు. ఒక ప్రతి భట్ సార్ బల్ల మీద పెట్టాను, ఇంకొకటి అంతకుముందే ఫ్లాట్లవాళ్ళ సంఘానికి పోస్టు చేశాను. సార్ రెండుసార్లు చదివారు.

"కుంబళకాయి?" అన్నారు. గుమ్మడికాయా అని.

"హౌదు సార్" అన్నాను, అవునని.

ఆయన నవ్వలేదు. ఆ రోజు ఆయన నాకు చేసిన మర్యాద అదొక్కటే, ఇప్పటికీ మరిచిపోలేదు.

కంపెనీ సవరణ వేసింది. నేను పూర్తి అని రాసిన సైట్లన్నిటికీ కొత్తవాళ్ళను మళ్ళీ పంపారు. ఎన్ని తప్పయ్యాయో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ ఏడాది ఏ నగరం ముందుందో ఇంకా వాదించుకుంటున్నారని విన్నాను. నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఏడాది కూర్చుని బయటికి వచ్చేశాను.

మొన్న ఒక అమ్మాయి ఫోనులో, ఇప్పుడు ఆ బాధ లేదు మేడమ్, ఉపగ్రహం ఫొటోలు చూసి ఇళ్ళు లెక్కపెడుతున్నాం అంది. మంచిదమ్మా, నేను కింద నిలబడి పైకి చూశాను, మీరు పైన నిలబడి కిందికి చూస్తున్నారు, మధ్యలో మెట్లు ఇద్దరమూ ఎక్కలేదు అన్నాను. మర్యాదగా ఫోను పెట్టేసింది.

మెట్లు

నా ఉత్తరం పట్టుకుని సంఘంవాళ్ళు తిరగ్గా తిరగ్గా, చాలా నెలలకు లిఫ్టు వచ్చింది. శారద ఫోన్ చేసింది.

"రేపు లిఫ్టు తిరుగుతాదంట. నువ్వు రావల్ల."

పోయాను. కింద నిలబడి ఫోన్ చేస్తే, "నువ్వు మెట్లెక్కి రా. నేను లిఫ్టులో దిగతా. మోకాళ్ళ సంగతి చెప్పొద్దు, విన్నా" అంది.

ఎక్కాను. ప్రతి మలుపులోనూ గోడకు ఆనించి ఒక ఇటుక, దాని మీద మడిచిన గోనెసంచి ఉన్నాయి. మొదటి మలుపులో అర్థం కాలేదు. రెండో దాంట్లో అర్థమైంది. ఆమె ఆగి కూర్చునే చోట్లు. నాలుగో అంతస్తులో నాకు ఊపిరి ఆడక ఆ ఇటుక మీద కూర్చున్నాను. గోడ మీద, కూర్చున్న మనిషి చెయ్యి ఆనే ఎత్తులో, సున్నం అరిగి నున్నగా ఉంది. పక్కన చెక్కలు తీసేసిన సొరంగంలో లిఫ్టు కిర్రుమంటూ కిందికి పోయింది.

ఆరో అంతస్తుకు చేరేసరికి తలుపు తెరిచే ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. గుమ్మం పైన మేకు ఉంది, కాయ లేదు. బాల్కనీలో బొమ్మ ఎండకూ వానకూ వెలిసి వేలాడుతోంది. కమ్మీ పట్టుకుని కిందికి చూశాను. శారద చేతికర్ర మీద ఆనుకుని ఎండలో నిలబడి, మెడ పైకెత్తి నా వైపే చూస్తోంది.

"ఏమే లెక్కల దానా" అని అరిచింది. "పూర్తయిందా?"

నేను కమ్మీ మీద వాలి ఇంకా రొప్పుతున్నాను.

"ఆ బొమ్మను విప్పుకొని రా. మెట్ల మీదే రావల్ల."

తాడు బిగుసుకుపోయింది, విప్పడానికి చాలాసేపు పట్టింది. కుండ తల అనుకున్నదానికంటే బరువుంది. చంకలో పెట్టుకుని దిగడం మొదలుపెట్టాను. నాలుగో అంతస్తు మలుపులో మళ్ళీ మోకాళ్ళు మొరాయించాయి. కింద లిఫ్టు దగ్గరికి వచ్చిన శారద గొంతు సొరంగంలోంచి వినిపించింది.

"నిదానంగా రా. నాకేం తొందర. పోవడానికి ఉద్యోగం గూడా లేకపాయె."

బొమ్మను ఒళ్ళో పెట్టుకుని ఆమె ఇటుక మీద కూర్చున్నాను.